ఆసిఫాబాద్‌లో కనబడని ఫొటోలు

పోయిన నెల ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఎదురుగా మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్న మా తమ్ముడి కూతురు ఎందుకో విసుగ్గా నిట్టూర్చింది. ఏమైందని తొంగి చూశాను. తెర మీద ఎవరిదో మనిషి ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది, ఆ గడి మూలన చిరిగిన బొమ్మ గుర్తు. రిలేటివ్ పాత్ తప్పింది అత్తమ్మా, అంతే, అంటూ ఆ పిల్ల ఏదో ఒక ముక్క మార్చింది, ఫొటో వచ్చింది, వెంటనే ఇంకో పనిలో పడిపోయింది. నా చేతిలో చిక్కుడుకాయ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. ఆ ఖాళీ గడిని నేనెరుగుదును. దాని వెంట పడి ఒకప్పుడు పెద్దపల్లి నుంచి ఆసిఫాబాద్ దాకా రైలెక్కి పోయినదాన్ని.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటర్నెట్ అనేది ఇంట్లో ఉండే వస్తువు కాదు. బస్టాండు పక్కనో, జిరాక్సు దుకాణం వెనకనో ఉండేది. తెరలు కట్టిన చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో కంప్యూటరు, గోడకు సిమ్లా చిత్రపటం, ఫలితాలొచ్చే రోజున గుమ్మం దాకా పిల్లల చెప్పులు. హాల్ టికెట్ కావాలన్నా, మస్కట్ పోయినవాడి ముఖం కెమెరాలో చూడాలన్నా అక్కడికే పోవాలి. ఆ సెంటర్లలో తెరిచే పేజీలు తయారుచేసే పని నాది. పిల్లవాడు బడికి పోవడం మొదలయ్యాక, పెళ్ళికి ముందు నేర్చుకుని మరిచిపోయిన కంప్యూటర్ చదువును మళ్ళీ బయటికి తీసి, కరీంనగర్‌లో ఓ చిన్న ఆఫీసులో చేరాను. రోజూ పెద్దపల్లి నుంచి బస్సులో రాకపోకలు. వరికోతల రోజుల్లో ఆఫీసుకు చేరేసరికి జుట్టు మీద సన్నటి పొట్టు ఉండేది, మిల్లుల పక్క నుంచి వచ్చే బస్సు కదా.

మా ఆఫీసు ఓ స్టీలు సామాన్ల దుకాణం మీద రెండు గదులు. పొద్దంతా కింద బిందెలు, పళ్ళేలు దొర్లే చప్పుడు, పైన మా కీబోర్డుల చప్పుడు. ఆఫీసు నడిపే సారు గోదావరిఖని వైపు బొగ్గుబావి కాలనీలో పుట్టి పెరిగినాయన. వాళ్ళ బాపు భూమిలోపలి బావిలో పనిచేసేవాడట. సారు హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి గాలి పడక తిరిగి వచ్చి ఈ ఆఫీసు పెట్టుకున్నారు. నన్ను చెల్లె అనేవారు. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, చాయ్ గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పేవారు. ఆ గ్లాసు తిరుగుతున్న తీరును బట్టి ఆ రోజు ఎట్లా ఉండబోతుందో మాకు తెలిసిపోయేది.

అప్పట్లో మాకున్న పెద్ద పని ఒక శిక్షణ సంస్థది. ఆడవాళ్ళకు ఇంటి దగ్గరే చదువుకునేట్టు పుస్తకాలిచ్చి, చివర పరీక్ష పెట్టి, చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేయడానికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఎందరో ఆడవాళ్ళు చేరారు. చాలామంది పెళ్ళయి పిల్లలున్నవాళ్ళే, పదో తరగతితో ఆగిపోయినవాళ్ళే. వాళ్ళ వివరాలు, హాల్ టికెట్లు, ఫలితాలు అన్నీ మేము చేసిన సైటులో ఉండేవి.

మొదట్లో ఆ సైటు పాతకాలపు పద్ధతిలో ఉండేది. ఒక్కో పేజీ ఒక్కో ఫైలు, ఆ ఫైళ్ళన్నీ ఒక ఫోల్డరులో, వాటి పక్కనే ఫొటోల ఫోల్డరు. పేజీలో ఫొటో ఎక్కడుందో రాసేటప్పుడు పక్కనున్న ఫోల్డరులో ఫలానా ఫొటో అని రాస్తే చాలు. దాన్నే రిలేటివ్ పాత్ అంటారు, అంటే ఉన్నచోటు నుంచి దారి చెప్పడం. పక్క సందులో మూడో ఇల్లు అని చెప్పినట్టు. చెప్పేవాడూ వినేవాడూ ఒకేచోట నిలబడి ఉన్నంతసేపు ఆ మాటలో ఏ తప్పూ ఉండదు.

ఆ ఏడాది సారు కొత్త పద్ధతి తెచ్చారు. ఇకమీదట పేజీకో ఫైలు ఉండదన్నారు. ఎవరు ఏ చిరునామా కొట్టినా అది ముందుగా ఒకే వాకిట్లోకి వస్తుంది, అక్కడ కంట్రోలర్ అనే ప్రోగ్రామ్ ఆ చిరునామాను చదువుకుని, వీళ్ళకు హాల్ టికెట్ కావాలి, వీళ్ళకు ఫలితం కావాలి అని తెలుసుకుని, పేజీని అప్పటికప్పుడు తయారుచేసి పంపుతుంది. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఎక్కడెక్కడో చిందరవందరగా పడి ఉన్న పనంతా ఒక పద్ధతిలోకి వచ్చింది. హాల్ టికెట్ అని రాసి, ఒక ఏటవాలు గీత పెట్టి, అభ్యర్థి నంబరు వేస్తే చాలు, ఆమె పేజీ తెరుచుకునేది. ఆ ఏటవాలు గీతనే మేము స్లాష్ అంటాము.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ చిరునామా చూడ్డానికి ఫోల్డరులో ఫోల్డరు ఉన్నట్టుంటుంది గాని నిజానికి అక్కడ ఏ ఫోల్డరూ లేదు, కంట్రోలర్ ఒక్కటే ఉంది. ఈ సంగతి చూసేవాళ్ళ కంప్యూటర్లోని బ్రౌజరుకు తెలియదు. తాను హాల్ టికెట్ అనే ఫోల్డరులో ఉన్నాననుకుని, పక్కనే ఫొటోలేవీ అని వెతుకుతుంది, దొరక్క ఖాళీ గడి చూపిస్తుంది. సారు మొదటిరోజే దీన్ని కనిపెట్టి, ప్రతి ఫొటో దారికీ ముందు రెండు చుక్కలు పెట్టి, ఒక మెట్టు పైకెక్కి వెతుకు అని చెప్పించారు. ఫొటోలన్నీ వచ్చాయి. ఆ సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

పరీక్ష ఆదివారం ఉందనగా ఆ వారంలో ఆసిఫాబాద్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. హాల్ టికెట్ వస్తోంది, పేరు వస్తోంది, నంబరు వస్తోంది, ఫొటో మాత్రం రావడం లేదు. మేము ఇక్కడ తెరిచి చూస్తే ఫొటో నిక్షేపంగా ఉంది. ఆ శిక్షణ సంస్థ నడిపే మేడమ్ తన గదిలో తెరిస్తే అక్కడా ఉంది. ఒక్కరిద్దరివైతే వేరే మాట, ఆసిఫాబాద్‌లో అందరివీ ఖాళీయే. ఉట్నూరు నుంచి కూడా ఇదే మాట వచ్చింది. ముందటి ఏడు ఒకరి బదులు ఇంకొకరు వచ్చి పరీక్ష రాశారని గొడవైందట, అందుకని ఫొటో లేని హాల్ టికెట్‌తో వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వవద్దని, చేత్తో అంటించినా ఒప్పుకోవద్దని సంస్థవాళ్ళు ఆ ఏడు గట్టి నియమం పెట్టారు. ఇప్పుడు దాన్ని సడలిస్తే మళ్ళీ మాట వస్తుందని మేడమ్ భయం.

గురువారమంతా సారు ఫోనులోనే ఉన్నారు. ఆసిఫాబాద్‌లో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆయనతో కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టించారు, పాత పేజీలు తుడిపించారు, ఇంకో బ్రౌజరులో తెరిపించారు. ఏం చేసినా ఖాళీ గడే. సాయంత్రానికి చాయ్ గ్లాసు తిరుగుతూనే ఉంది. వాళ్ళ కంప్యూటర్లు పాతవి, మనమేం చేస్తాం అన్నారు చివరికి. మా ఆడబిడ్డ ఇల్లు ఆసిఫాబాద్‌లోనే. రేపు పోయి చూసొస్తానని నేనన్నాను.

"మన దగ్గర మంచిగనే వస్తుంది గద చెల్లె, గంత దూరం పోయి ఏం జూస్తవు?" అన్నారు సారు.

"వాళ్ళ దగ్గర ఎట్ల వస్తుందో చూస్త సార్" అన్నాను. ఆయన కాసేపు గ్లాసు తిప్పి, సరే పొమ్మన్నారు.

శుక్రవారం పొద్దున పెద్దపల్లిలో ప్యాసింజరు ఎక్కాను. ఆ రైలు ప్రయాణం గురించి చెప్పాలంటే అదే ఓ పెద్ద కథ. రామగుండం దగ్గర పొగగొట్టాలు, మంచిర్యాలలో బుట్టల నిండా ఆకుకూరలతో ఎక్కి సీట్ల మధ్య నేల మీద కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పుకునే ఆడవాళ్ళు, బెల్లంపల్లిలో డ్యూటీ దిగి నిద్రకళ్ళతో ఎక్కే బావి కార్మికులు. వాళ్ళలో ఒకాయన తన చోటు నాకిచ్చి తలుపు దగ్గర నిలబడే కునుకు తీశాడు. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగితే ఊరు అక్కడ ఉండదు, మళ్ళీ జీపెక్కాలి. దారి పొడుగునా పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్నాయి, కూలి మనుషులు నడుముకు ఒడి కట్టుకుని వంగి ఏరుతున్నారు. మా ఆడబిడ్డ నన్ను గుమ్మంలో చూసి పని సంగతి తర్వాత అంటూ ముందు కూర్చోబెట్టి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టి గాని కదలనివ్వలేదు.

ఇంటర్నెట్ సెంటరు బస్టాండుకు దగ్గరలోనే ఉంది. దాన్ని నడిపే ఆయన నలభై దాటిన మనిషి, మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, అందరూ ఆయన్ని భావూ అని పిలిచేవాళ్ళు. మరాఠీలో అన్నా అన్నట్టు. నేను పోయేసరికి మెట్ల మీదా బల్ల మీదా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, చంకల్లో పిల్లలు, చేతుల్లో ప్లాస్టిక్ సంచులు. కరీంనగర్ నుంచి వచ్చిందట అని ఒకరికొకరు చెప్పుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. ఆఫీసులో మాకు వాళ్ళు నంబర్లు. అప్పటిదాకా ఆ నంబర్ల వెనకున్న ఒక్క మనిషిని కూడా నేను చూసి ఉండలేదు.

ముందు వరుసలో కూర్చున్నామె వాంకిడి నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళు దాటి ఉంటాయి. పత్తి ఏరుడు విడిచిపెట్టి రావడం ఇది రెండోసారట. భర్త మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు. పగలు చేలో పనిచేసి, పిల్లల పుస్తకాలతో పాటే తన పుస్తకం కూడా ముందేసుకుని చదివిందట. సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఊళ్ళో కొత్తగా పెట్టిన పిల్లల బడిలో చేర్చుకుంటామన్నారట. ఈ ముచ్చట్లన్నీ ఆమె నన్ను బతిమాలుతున్నట్టు చెప్పలేదు, పక్కింటామెతో మాట్లాడినట్టు మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

భావును పక్కకు జరగమని నేనే కూర్చుని ఆమె నంబరుతో పేజీ తెరిచాను. ఫొటో వచ్చింది. మెట్ల మీది వాళ్ళంతా లేచి నా వెనక మూగారు. భావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ తాను ఎన్నిసార్లు తెరిచినా రానిది నేను తెరవగానే ఎట్లా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. ప్రింటు తీద్దామనేలోపు కరెంటు పోయింది.

అప్పటి కరెంటు కోతల సంగతి మీకు చెప్పేదేముంది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళు మళ్ళీ మెట్ల మీదికి పోయి కూర్చున్నారు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఒకామె సంచిలోంచి శనక్కాయలు తీసి అందరికీ తలా పిడికెడు పంచింది. అప్పుడే వాంకిడి ఆమె ఆ ఫొటో సంగతి చెప్పింది. పెళ్ళప్పుడు భర్త పక్కన, రేషను కార్డులో ఇంటిల్లిపాదితో కలిసి, తిరణాలలో పిల్లల్ని ఎత్తుకుని తీయించుకున్న ఫొటోలు ఉన్నాయట గాని, తానొక్కతే ఉన్న ఫొటో ఈ పరీక్ష కోసమే స్టూడియోకి పోయి దిగిందట. స్టూడియో అతను గడ్డం ఎత్తమంటే సిగ్గేసిందట. "గా ఫొటో ఇంట్ల చూపెడితె మా అత్త నవ్వింది" అన్నది, అని తానూ నవ్వింది. తెర మీద నేను చూపించిన ఆ క్షణంలో, వెనక గుంపులో ఉండి, దాన్ని తాను సరిగ్గా చూడనే లేదట.

కరెంటు వచ్చాక ఈసారి నేను కూర్చోలేదు. మీరే తెరవండి భావూ అని ఆయన వెనక నిలబడ్డాను. ఆయన తన దగ్గర ముందే దాచి ఉంచుకున్న చిరునామా తెరిచి, దాని చివర నంబరు కొట్టి, ఆ తర్వాత ఒక ఏటవాలు గీత కొట్టి, ఎంటర్ నొక్కాడు. ఖాళీ గడి. ఇంకో నంబరు తీసుకున్నాడు, మళ్ళీ చివర గీత. మళ్ళీ ఖాళీ. ఆ గీత ఎందుకు పెడుతున్నారని అడిగాను. తనకు కంప్యూటర్ నేర్పినాయన చిరునామా ఎప్పుడూ గీతతోనే ముగియాలని చెప్పాడట, లేకుంటే మాట సగంలో ఆపినట్టట. ఉట్నూరులో సెంటరు పెట్టిన బామ్మర్దికి కూడా తానే అట్లా నేర్పాడట. గీత తీసేసి కొట్టమన్నాను. ఫొటో వచ్చింది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. చివర గీత పెడితే, ఆ నంబరు కూడా ఒక ఫోల్డరేనని బ్రౌజరు అనుకుంటుంది. తాను ఒక మెట్టు ఎక్కువ లోపల ఉన్నాననుకుంటుంది. మేము ఒక మెట్టు పైకెక్కమని రాశాము, ఒకటి ఎక్కితే అది ఇంకా లోపలే ఉంటుంది, ఫొటోల దాకా చేరదు. మా ఆఫీసులో మేము ఎప్పుడూ పేర్ల జాబితాలోంచి నొక్కి తెరిచేవాళ్ళం, ఆ దారిలో చివర గీత రాదు. ఇందాక ఇక్కడ తెరిచినప్పుడు కూడా నేను గీత కొట్టలేదు. భావు చేసింది తప్పు కాదు, కంట్రోలర్ రెండింటినీ ఒకటిగానే తీసుకుని పేజీ ఇస్తోంది. మేము రాసిన దారే ఒకచోట నిలబడినవాళ్ళకు మాత్రమే పనికొచ్చే దారి.

అక్కడున్న వాళ్ళకు గీత లేకుండా తెరిచి ప్రింట్లు తీయడం మొదలుపెట్టాము. వాంకిడి ఆమెదే మొదటి వంతు, అయితే తిర్యాణి బస్సు వెళ్ళిపోతుందని పసిపిల్ల తల్లి ఒకామె ఆదుర్దా పడుతుంటే, నువ్వు కానియ్యి అంటూ ఈమె పక్కకు జరిగింది. ఆ తర్వాత ఇంకొకరికి జరిగింది. ఈలోగా నేను భావు బల్ల మీది ఫోను నుంచి సారుకు చేశాను. రెండు జిల్లాల్లో ఇంకెంతమంది చివర గీత కొడతారో మాకేం తెలుసు, రేపొక్కరోజే ఉంది.

సారు మొదట నమ్మలేదు. గీతతో ఫొటోకేం సంబంధమన్నారు. ఒకసారి మీరే చివర గీత పెట్టి తెరవండి సార్ అన్నాను. అవతల కీబోర్డు చప్పుడు, దాని వెనక కింది దుకాణంలో ఏదో బిందె దొర్లిన చప్పుడు వినిపించాయి.

"పోయింది" అన్నారు మెల్లగా.

ఫోను పెట్టేయకుండానే పనిలో దిగారు. మెట్లు లెక్కపెట్టడం మానేసి, ఫొటోల దారి సైటు మొదటి వాకిలి నుంచే మొదలయ్యేట్టు మార్చారు. తన కంప్యూటర్లో గీత పెట్టీ, పెట్టకుండా చూసుకుని, అందరికీ పేజీలందించే సర్వరులోకి పంపించారు. ఇక్కడ భావు తెరిస్తే ఫొటో లేదు. గీత తీసి తెరిచినా లేదు. అంతవరకు వచ్చినవి కూడా పోయాయి. సంస్థ మేడమ్ సారు సెల్లుకు చేసి తన గదిలో కూడా ఫొటోలు మాయమయ్యాయని చెప్పింది. బల్ల దగ్గర వాంకిడి ఆమె ప్రింటు కోసం చేతులు చాపి నిలబడే ఉంది, ఆమె పేజీ తెర మీద ఉంది, అందులో మళ్ళీ ఆ ఖాళీ గడి. ఆమె పైట చెంగుతో మెడ తుడుచుకుని, గోడకానుకుని నిలబడింది. బయట వాంకిడి జీపు మనుషుల కోసం కేకలేస్తోంది.

సారు అవతల గ్లాసు తిప్పుతున్నారని చూడకుండానే తెలిసింది. తన దగ్గర బాగానే ఉందని ఈసారి ఆయన అనలేదు గాని, నిజానికి అక్కడ బాగానే ఉంది. ఆయన కంప్యూటర్లో మా సైటు నేరుగా మొదటి వాకిట్లోనే ఉంది. బయట సర్వరులో మాత్రం సంస్థవాళ్ళ పెద్ద సైటు లోపల ఒక ఫోల్డరులో దాన్ని పెట్టాము. మొదటి వాకిలి అంటే ఆయన దగ్గర మా వాకిలి, అక్కడ సంస్థ వాకిలి. అంటే లోపలి నుంచి మెట్లు లెక్కపెట్టినా తప్పే, బయటి వాకిలి నుంచి చెప్పినా తప్పే.

"సార్, మనం లెక్కపెట్టుడు బంద్ చేద్దాం" అన్నాను. "మన సైటు ఎక్కడున్నదో కంట్రోలర్‌కు ఎర్కే గద. ప్రతిసారి దాన్నే అడుగుదాం."

అట్లా అడగడానికి ఆ పద్ధతిలోనే ఒక ఏర్పాటు ఉంది. నేను పుస్తకంలో చదివాను, ఆయనా చదివారు, అంత చిన్న సైటుకు అదెందుకని ఇద్దరమూ వదిలేశాము. పేజీని తయారుచేసేటప్పుడే, ఇప్పుడు మన సైటు ఏ చోట ఉందో ఆ పూర్తి చిరునామాను కంట్రోలర్ చేత చెప్పించుకుని, ప్రతి ఫొటో దారికీ ముందు దాన్ని తగిలించడం. ఇక చూసేవాళ్ళు ఎక్కడ నిలబడ్డా, ఎన్ని గీతలు కొట్టినా దారి తప్పదు. ఆ ఏర్పాటును ప్రోగ్రాములో ఏ పేరుతో పిలవాలో గుర్తుందా అని సారు నన్నడిగారు, చెప్పాను. ఆయన టైపు చేస్తున్నంతసేపూ నేను ఫోను చెవికి పెట్టుకుని, గోడకానుకున్న ఆమెను చూడలేక భావు కీబోర్డు మీద పేరుకున్న దుమ్మును వేలితో తుడుస్తూ కూర్చున్నాను.

"చెల్లె, నా దగ్గర సంగతి ఇడిచిపెట్టు" అన్నారు సారు. "నీ దగ్గర ఎట్ల వస్తుందో చెప్పు."

ఆ మాట ఆయన నోటి వెంట వినడం అదే మొదలు. భావును తన అలవాటు ప్రకారమే కొట్టమన్నాను. ఆయన నంబరు కొట్టి, చివర గీత కొట్టి, ఎంటర్ నొక్కాడు. పేరు వచ్చింది, నంబరు వచ్చింది, ఒక క్షణం ఆగి, పై నుంచి కిందికి మెల్లమెల్లగా ఫొటో దిగింది. ఆ రోజుల్లో ఫొటోలు అట్లాగే వచ్చేవి కదా, ముందు తలవెంట్రుకలు, తర్వాత నొసలు, బొట్టు, ఆ తర్వాత కళ్ళు. కొంచెం ఎత్తిన గడ్డం చిట్టచివర వచ్చింది. వస్తున్నది సార్ అన్నాను. గీత తీసి కూడా చూశాము. వచ్చింది. ఉట్నూరు బామ్మర్దికి భావు తన సెల్లు నుంచి ఫోన్ చేశాడు, అక్కడా వచ్చింది.

ప్రింటు తీయబోతుంటే వాంకిడి ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"జర పెద్దగ చేసి చూపిస్తవా మేడం?" అన్నది.

పెద్దగా చేశాను. తెర నిండా ఆమె ముఖం వచ్చింది. పెద్దదైన కొద్దీ మసకబారింది గాని ఆమె దాన్ని పట్టించుకోలేదు. బయట జీపువాడు కేకలేస్తూనే ఉన్నాడు. భావు తలుపు దగ్గరికి పోయి మరాఠీలో వాడిని ఆగమన్నాడు. ఆమె కొంతసేపు అట్లాగే చూసి, ఇక చాలన్నట్టు తలూపింది. కాగితం చేతికి రాగానే రెండుగా మడవకుండా పుస్తకంలో పెట్టుకుని, నాకు పోయొస్తానని చెప్పి జీపెక్కింది. ఆదివారం ఆమె పరీక్ష రాసింది. ఫలితాలు మా సైటులోనే వచ్చాయి, అందరికంటే ముందు ఆమె నంబరే చూశాను. పాసైంది. ఊళ్ళో చిన్నపిల్లల బడిలో చేరిందని, పిల్లలకు పాటలు బాగా చెబుతుందని ఏడాది తర్వాత మా ఆడబిడ్డ చెప్పింది. నేను మళ్ళీ ఆమెను చూడలేదు.

సోమవారం ఆఫీసుకు పోతే సారు నాకూ ఒక గ్లాసు చాయ్ తెప్పించి, తాను తాగేదాకా గ్లాసు తిప్పకుండా కూర్చున్నారు. ఆ తర్వాత మా దగ్గర ఒక అలవాటు పడింది. ఏ కొత్త పని పూర్తయినా, దాన్ని వాడే ఊళ్ళలోకెల్లా దూరపు ఊరికి మాలో ఒకరు పోయి, ఎవరైనా ఒకరి వెనక నిలబడి చూసి రావాలి. అట్లా జమ్మికుంట పత్తి మార్కెట్లో రైతులకు తక్కపట్టీలు, అంటే అమ్మకం చీటీలు, రాసిచ్చే గది చూశాను, సిర్పూర్ వైపు ఒక బడిలో చాక్‌పీసు పొడి రాలిన కంప్యూటరు ముందు కూర్చున్నాను. నేను అనుకున్నట్టు ఎవ్వరూ ఒక్కచోట కూడా పేజీని వాడలేదు. ఒకాయన ప్రతిదాన్నీ రెండుసార్లు నొక్కేవాడు, ఒకామె మౌసును గాల్లోకి ఎత్తి పట్టుకునేది, ఒక టీచరు పేజీ తెరిచి అది పూర్తిగా వచ్చేదాకా కళ్ళు మూసుకునేది. తిరిగి వచ్చి సారుకు చెబితే ఆయన పడి పడి నవ్వి, మరునాడు దాన్ని తగ్గట్టు మార్చేవారు.

ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. సారు మంచిర్యాలలో ఓ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. భావు సెంటరు కొన్నాళ్ళు జిరాక్సు దుకాణమై, తర్వాత విత్తనాలు, మందులు అమ్మే దుకాణమైందని విన్నాను. నేను మాత్రం ఇదే పనిలో, రెండు మూడు చోట్లు మారి, ఈ వయసు దాకా వచ్చాను. అప్పటికంటే ఎన్నో రెట్లు పెద్ద సైటులు చేశాను. ఎక్కడ ఏది తప్పినా ఇప్పుడు నిమిషంలో తెలుస్తుంది. ఎవరి తెర మీద ఏముందో ఫొటో తీసి పంపిస్తారు, లేదంటే ఇక్కడినుంచే వాళ్ళ కంప్యూటరు తెరిచి చూస్తాము, తప్పు దొరుకుతుంది, దిద్దుతాము. ఇది మంచిదే, కాదనను. పత్తి ఏరుడు విడిచిపెట్టి ఎవరూ మెట్ల మీద పడిగాపులు పడనక్కరలేదు.

కాని తెర ఒక్కటే కనబడుతుంది. దాని ముందు కూర్చున్న మనిషి కనబడదు. ఏ వేలు ఎక్కడ తడబడిందో, గోడకానుకుని ఎవరు నిలబడ్డారో, బయట ఏ జీపు వెళ్ళిపోతోందో తెలియదు. ఇన్నేళ్ళలో నేను తయారుచేసిన పేజీలు ఎన్ని వేలమంది తెరిచి ఉంటారో, వాళ్ళలో నాకు ముఖం తెలిసినవాళ్ళు, ఆ పాత రోజుల్లో బస్సులెక్కీ రైళ్ళెక్కీ పోయి చూసిన ఆ కొద్దిమందే. మిగతావాళ్ళంతా నాకు నంబర్లుగానే మిగిలిపోయారు.